సాంస్ అమానత్: రెగ్యులేటర్‌ను ఎవరు విప్పాలి?



సముద్రం లేని నర్సీపట్నంలో కూర్చుని స్కూబా మీద రాయడమేంటని దోస్తులు నవ్వుతున్నారు. రుషికొండ మనకు మరీ దూరమేం కాదు. మన కుర్రాళ్లు అక్కడ డైవింగ్‌కు వెళ్తున్నారు, ఒకరిద్దరు సొంత సామాను కూడా కొన్నారు. అందుకే ఈ సవాల్: రెగ్యులేటర్ మరమ్మత్ మనమే చేసుకోవచ్చా?

నా రాయ్ సాఫ్‌గా చెబుతాను. దాని హిఫాజత్ మన జిమ్మేదారీ. విప్పడం మాత్రం నేర్చుకున్న చేతుల పని.

"స్కూటర్ ఇంజను విప్పేవాడికి ఇదెంత?" అంటారు. మన ఇళ్లలో హునర్‌కు కొదవలేదు, నిజమే. ఈ మషీన్ కూడా మెకానిక్‌ల ఖాందాన్‌దే. 1943లో ఫ్రాన్స్‌లో కూస్తో, గాన్యాన్ చేసిన పరికరానికి మూలం, యుద్ధకాలంలో పెట్రోలు కరువై కార్లను గ్యాస్‌తో నడపడానికి చేసిన రెగ్యులేటరే. కానీ ఫరక్ ఉంది. స్కూటర్ ఆగితే పక్కకు తీసి నడిచి ఇంటికొస్తాం. 20 మీటర్ల లోతులో గాలి ఆగితే?

సిలిండర్‌లో గాలి 200 బార్ దాకా ఉంటుంది. కారు టైరులో ఉండేది రెండు, రెండున్నర. ఫస్ట్ స్టేజ్ ఆ ప్రెషర్‌ను సుమారు 10 బార్‌కు దించితే, నోట్లో పెట్టుకునే సెకండ్ స్టేజ్ మన సాంస్‌కు తగ్గట్టు చేస్తుంది. ఈ భారమంతా ఒక చిన్న సీటు, కొన్ని రబ్బరు ఓ-రింగుల మీదే. సీటు అరిగితే మధ్యలోని ప్రెషర్ మెల్లగా పెరిగి, నోటి దగ్గర గాలి దానంతటదే కారిపోతుంది. మొదట్లో ఇది కంటికి కనపడదు, గేజ్ పెడితేనే తెలుస్తుంది. గేజ్, ఆ మోడల్ సర్వీస్ కిట్, సరైన గ్రీజు, ఉస్తాద్ దగ్గర తాలీమ్. ఈ నాలుగూ లేనిదే పానా పట్టొద్దు. ఇక్కడ జుగాడ్ చెల్లదు.

మరి ఇంట్లో ఏం చేయాలి? డైవ్ అయిన రోజే మంచినీళ్లలో నానబెట్టండి. ముందు డస్ట్ క్యాప్ గట్టిగా బిగించండి. నీళ్లలో ఉండగా పర్జ్ బటన్ నొక్కొద్దు, నీళ్లు లోపలికి పోతాయి. నీడలో ఆరబెట్టండి, హోసులు మడత పడకుండా పెట్టండి. కొబ్బరినూనె, వాసెలిన్ లాంటివి రాయొద్దు. కొన్ని రకాల రబ్బరు వాటితో ఉబ్బుతుంది. ఆక్సిజన్ ఎక్కువున్న గ్యాస్‌కు నూనె తగిలితే నిప్పు పుట్టే ఖతరా కూడా ఉంది. డైవ్‌కు ముందు, క్యాప్ పెట్టి ఉండగానే, నోటితో గాలి పీల్చి చూడండి. గాలి వచ్చిందంటే డయాఫ్రమో, వాల్వో లీకే. ఆ రోజు నీళ్లలో దిగొద్దు.

సర్వీస్‌కు ఇచ్చాం కదా అని అంధా భరోసా కూడా వద్దు. తీసేసిన పాత పార్టులు అడిగి తీసుకోండి, గేజ్ రీడింగ్ రాయించుకోండి. చాలా కంపెనీలు ఏడాదికో, 100 డైవ్‌లకో సర్వీస్ అంటాయి. మీ మోడల్ మాన్యువల్ చెప్పిందే పాటించండి.

మన షబాబ్‌లో ఎవరైనా ఈ పని పద్ధతిగా నేర్చుకుంటే అంతకన్నా ఖుషీ లేదు. అప్పటిదాకా అమ్మీ, అబ్బాలూ, పిల్లల్ని "ఎంతకు కొన్నావ్?" అని కాదు, "ఎప్పుడు సర్వీస్ చేయించావ్?" అని అడగండి.