శ్రీచరణిని వదిలి మళ్ళీ కొన్న ఢిల్లీ: తెలివా, అదృష్టమా?

ముందే చెప్పేస్తున్నా. ఇది "మా కడప అమ్మాయికి అన్యాయం జరిగిపోయింది బాబోయ్" అని గుండెలు బాదుకునే టపా కాదు. ఆ పని చెయ్యడానికి చాలామంది ఉన్నారు, బాగానే చేశారు కూడా. నా గొడవ వాళ్ళతో కొంచెం, వాళ్ళని వెక్కిరించిన మేధావులతో ఎక్కువ.

తెలియని వాళ్ళ కోసం కథ క్లుప్తంగా. 2025 నవంబర్ 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు ప్రపంచ కప్పు గెలిచారు. ఆ కప్పులో మన జట్టులో ఎక్కువ వికెట్లు దీప్తి శర్మవి, 22. ఆ తర్వాత నల్లపురెడ్డి శ్రీచరణివి, 14. వీరపునాయునిపల్లె మండలం అమ్మాయి. పెద్దముడియం వాళ్ళం మాకు పొరుగే అనుకోండి, ఒకే జిల్లా. సరిగ్గా నాలుగు రోజులకి, నవంబర్ 6న, డబ్ల్యూపీఎల్ జట్లు ఎవరిని అట్టిపెట్టుకుంటున్నాయో జాబితాలు బయటికొచ్చాయి. ఢిల్లీ క్యాపిటల్స్ జాబితాలో జెమీమా రోడ్రిగ్స్, షెఫాలీ వర్మ, అనబెల్ సదర్లాండ్, మరిజాన్ కాప్, నికీ ప్రసాద్ ఉన్నారు. శ్రీచరణి లేదు. నవంబర్ 27న మెగా వేలంలో యూపీ వారియర్జ్‌తో పోటీ పడి అదే ఢిల్లీ ఆ అమ్మాయిని 1.3 కోట్లకి తిరిగి కొనుక్కుంది.

ఇంకేం, మేధావులు దిగిపోయారు. "చూశారా, ఢిల్లీ వాళ్ళు ఎంత తెలివైనవాళ్ళో! వదిలేసి, చవగ్గా మళ్ళీ కొన్నారు. మీరు ఊరికే ఏడ్చారు."

అయ్యా, కాస్త ఆగండి. శుక్రవారం సాయంత్రం బ్యాకప్ తియ్యకుండా ప్రొడక్షన్‌లో కోడ్ పెట్టి ఇంటికెళ్ళిపోయాడొకడు. సోమవారం దాకా ఏమీ కూలలేదు. వాణ్ణి తెలివైన ఇంజనీరు అంటామా? అనం కదా, బతికిపోయాడంటాం. ఫలితం బాగుంది కాబట్టి నిర్ణయం బాగుందనడం మన ఫీల్డులో ఉన్నవాళ్ళు అనాల్సిన మాట కాదు. నిర్ణయం తీసుకున్న రోజున చేతిలో ఏముంది, ఏం తెలుసు అన్నదే చూడాలి. సీజన్లో ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్నది కూడా ఇక్కడ అనవసరం. నేను మాట్లాడేది ఆ నవంబర్ మొదటి వారం గురించి.

ఆ వారంలో ఢిల్లీకి ఏం తెలుసో చూద్దాం.

డబ్ల్యూపీఎల్ అంటే టీ20. ప్రపంచ కప్పు యాభై ఓవర్లది, దాన్ని పక్కన పెట్టండి. 2025 జూన్ 28న నాటింగ్‌హామ్‌లో ఇంగ్లండ్ మీద శ్రీచరణి మొదటి అంతర్జాతీయ టీ20 ఆడింది. 12 పరుగులిచ్చి 4 వికెట్లు. ఆ సిరీస్‌లో ఐదు మ్యాచ్‌లకి 10 వికెట్లు, ప్లేయర్ ఆఫ్ ద సిరీస్. అదీ ఇంగ్లండ్‌లో, ఇంగ్లండ్ మీద. కాబట్టి "ఒక్క ప్రపంచ కప్పు చూసి ఎగిరెగిరి పడకండి" అనే వాదన పనికిరాదు. కప్పుకి మూడు నెలల ముందే, ఏ ఆట కోసమైతే ఢిల్లీ జట్టు కడుతోందో ఆ ఆటలోనే రుజువు చూపించింది. అప్పటికి వయసు ఇరవై ఒకటి కూడా నిండలేదు. ఢిల్లీ ఈ అమ్మాయిని తీసుకున్నది 55 లక్షలకి.

ఇప్పుడు రూల్సు. "ఐదుగురినే ఉంచుకోవచ్చు, ఇంకేం చేస్తారు పాపం" అంటున్నారు. నిజమే, ఐదుగురే. ఆ ఐదుగురిలో ఒకరైనా ఇంకా దేశానికి ఆడని భారత అమ్మాయి అయ్యుండాలి. ఆ చోటు నికీ ప్రసాద్‌ది, 50 లక్షలు. అండర్-19 ప్రపంచ కప్పు గెలిచిన కెప్టెన్, ఆ అమ్మాయి గురించి నాకే పేచీ లేదు. మిగిలినవి నాలుగు చోట్లు. నాలుగింటికీ తలా 2.2 కోట్లు సమానంగా ఇచ్చారు. సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద 127 నాటౌట్ కొట్టిన జెమీమాని వదలమని నేనూ అనను. ఫైనల్లో 87 కొట్టి రెండు వికెట్లు తీసిన షెఫాలీనీ వదలరు. సదర్లాండ్ ఇరవై నాలుగేళ్ళ ఆల్‌రౌండర్, సరే. ఇక మిగిలింది నాలుగో చోటు. కాపా, చరణా? అసలు ప్రశ్న ఇదీ.

కాప్ తక్కువదని నేను అనడం లేదు. మహిళల ప్రపంచ కప్పుల చరిత్రలో ఝులన్ గోస్వామి వికెట్ల రికార్డుని దాటింది ఆవిడే, అదీ ఇదే కప్పు సెమీఫైనల్లో ఇంగ్లండ్ మీద 20 పరుగులకి 5 వికెట్లు తీసి. ఇంత చెప్పాక కూడా నేను చరణినే ఉంచుకోమంటాను. ఎందుకో మూడు ముక్కల్లో.

ఒకటి, వయసు. మెగా వేలం ఒక్క సీజన్ కోసం కాదు, కొన్నేళ్ళకి సరిపడా జట్టు కట్టడానికి. కాప్‌కి 2026 జనవరి 4తో ముప్ఫై ఆరు. చరణికి అప్పటికి ఇరవై ఒకటి. రిటెన్షన్ డబ్బు చేసిన సేవకి ఇచ్చే శాలువా కాదు, చెయ్యబోయే పనికి ఇచ్చే జీతం.

రెండు, కొరత. పదకొండు మందిలో విదేశీయులు మామూలుగా నలుగురే. మిగతా ఏడుగురూ ఇక్కడివాళ్ళే కావాలి. పోటీ ఐదు జట్ల మధ్య. అంటే ముప్ఫై అయిదు మంది మంచి భారత ఆటగాళ్ళు కావాలి, అందులో అంతర్జాతీయ స్థాయిలో వికెట్లు తీసే స్పిన్నర్లు ఎంతమంది? వేళ్ళ మీద లెక్క. అదే విదేశీ పేస్ ఆల్‌రౌండర్ కావాలంటే ప్రపంచమంతా వెతుక్కోవచ్చు. నా మాట నమ్మక్కర్లేదు, ఢిల్లీ చేసిందే చూడండి. అదే వేలంలో వెస్టిండీస్ ఆల్‌రౌండర్ షినెల్ హెన్రీని కొన్నారు. ఎంతకి? సరిగ్గా 1.3 కోట్లకి. భారత బౌలర్ల కొరత ఎంతుందో తెలియాలంటే శిఖా పాండే ధర చూడండి. ముప్ఫై ఆరేళ్ళ వయసులో యూపీ 2.4 కోట్లు పెట్టింది.

మూడు, డబ్బు సంచి. ఐదుగురిని ఉంచుకున్నాక ఢిల్లీ దగ్గర మిగిలింది 5.7 కోట్లు. ఐదు జట్లలోకీ అదే తక్కువ. యూపీ దగ్గర 14.5 కోట్లు. పైగా ఐదుగురిని ఉంచుకుంటే రైట్ టు మ్యాచ్ కార్డు, అంటే వేరేవాడు పాడిన ధరకే మన పాత ఆటగాణ్ణి వెనక్కి తెచ్చుకునే హక్కు, ఒక్కటి కూడా ఉండదు. జేబులో అందరికన్నా తక్కువ డబ్బు, చేతిలో కార్డు లేదు. అవతల మనకి రెండున్నర రెట్లు ఉన్నవాడు అదే అమ్మాయి కోసం చెయ్యెత్తుతున్నాడు. వాడు ఇంకో నాలుగు సార్లు చెయ్యెత్తి ఉంటే? దీన్ని ప్లాన్ అంటారా?

"ప్లానే బాబూ, నీకు తెలీదు" అనేవాళ్ళకి ఒక్క విషయం. ఆ రోజు వేలంలో దీప్తి శర్మ ముందు వచ్చింది. 50 లక్షలకి ఢిల్లీ పాడింది. యూపీ కార్డు తీసింది. అప్పుడు చివరి ధర చెప్పే అవకాశం ఢిల్లీది, 3.2 కోట్లు అంది. యూపీ సరేనని అదే ధరకి తీసుకుంది. ఒకవేళ "మాకొద్దు, మీరే ఉంచుకోండి" అని యూపీ అనుంటే? ఢిల్లీ దగ్గర మిగిలేది 2.5 కోట్లు. అందులో లారా వోల్వార్ట్‌కి 1.1 కోట్లు పెట్టాక, చరణి పేరు వచ్చేసరికి ఏం పెట్టి పాడేవాళ్ళు, గాలి పెట్టా? యూపీ చేత డబ్బు ఖర్చు పెట్టించడానికి అలా ఆడారని కొందరి థియరీ. కావచ్చు. అలాంటి ఆట మన మనిషిని ఇంట్లో భద్రంగా పెట్టుకుని ఆడాలి, వీధిలో నిలబెట్టి కాదు.

మా వైపు నల్లరేగడిలో శనగ పండిస్తారు. పాతకాలం రైతు ఎంత అవసరమొచ్చినా విత్తనాల బస్తాలు మాత్రం అమ్మేవాడు కాదు. మొత్తం అమ్మేసి, విత్తే అదునుకి అదే కొట్టుకి పోయి అవే శనగలు కొనుక్కునేవాణ్ణి ఊళ్ళో ఎవరూ తెలివైనవాడనరు, ఆ యేడు ధర పడిపోయినా సరే.

ముంబై ఏం చేసిందో కూడా చూడండి. 2023లో, 2025లో కప్పు కొట్టిన జట్టు. దాని నాలుగో చోటు, కోటి రూపాయలు, అమన్‌జోత్ కౌర్‌కి ఇచ్చింది. అమీలియా కెర్ అంతటి విదేశీ స్టార్‌ని వేలంలోకి వదిలింది. తర్వాత కెర్‌ని 3 కోట్లు పెట్టి తిరిగి తెచ్చుకుంది, ఖరీదైన బేరమే, ఒప్పుకుంటా. కాని ధర మరీ మండిపోతే కెర్‌ని వదిలేసి ఇంకో విదేశీ ఆల్‌రౌండర్ వైపు చూసే వీలు ముంబైకి ఉంది. అమన్‌జోత్ చెయ్యి జారితే అలాంటి ఇంకో భారత అమ్మాయిని ఎక్కణ్ణుంచి తెస్తారు? వేలంలోకి వదలాల్సింది మళ్ళీ దొరికే రకాన్ని, దొరకని రకాన్ని కాదు. కాప్‌ని వదిలి వేలంలో 2.2 దాకా పాడే వీలు ఢిల్లీకీ ఉండేది.

వదిలిన ప్రతివాళ్ళూ తిరిగి రారని మన హైదరాబాద్ అభిమానులకి వేరే చెప్పాలా? 2021 నవంబర్లో సన్‌రైజర్స్ విలియమ్సన్‌ని 14 కోట్లకి ఉంచుకుంది, రషీద్ ఖాన్ పోయాడు. గుజరాత్ 15 కోట్లిచ్చి తీసుకుంది. 2022లో గుజరాత్ కప్పు ఎత్తింది, మనం ఎనిమిదో స్థానంలో కూర్చుని చూశాం. కారణాలు ఏవైనా కానీ, తలుపు దాటిన స్పిన్నర్ వెనక్కి వస్తాడన్న గ్యారంటీ ఎవరూ రాసివ్వరు.

ఇప్పుడు మొదటి రకం వాళ్ళ దగ్గరికి, అంటే "అవమానం, అవమానం" అన్నవాళ్ళ దగ్గరికి. అవమానం ఏమీ లేదండీ. ఫ్రాంచైజీకి మన జిల్లా మీద పగా లేదు, ప్రేమా లేదు. వేలం రోజున మీరే ప్లేటు మార్చి "55 లక్షల నుంచి 1.3 కోట్లకి, జాక్‌పాట్!" అని పండగ చేసుకున్నారు. ఇక్కడే నా కడుపు మండింది. ఆ నాలుగో చోటు ధర 2.2 కోట్లు. చరణికి అంతే ఇచ్చేవాళ్ళా అంటే ఎవరూ చెప్పలేరు, రూల్ ప్రకారం నాలుగో చోటుకి కోటితో సరిపెట్టొచ్చు. కాని ఢిల్లీ ఆ నలుగురినీ సమానం అంది కదా. ఆ సమానంలో ఈ అమ్మాయి ఉండుంటే సీజన్‌కి 90 లక్షల తేడా. జాక్‌పాట్ అని మీరు అంటున్నది ఆ తేడా పోగా మిగిలింది.

మన కంపెనీల్లో ఇది రోజూ చూసేదే. పాతవాడికి పేరు చూసి, కొత్తవాడికి "ఇంకో ఏడాది చూద్దాం" అని. కొత్తవాడు పేపరు పెట్టి బయట ఆఫర్ తెచ్చుకుంటే అప్పుడు గుర్తొస్తుంది వాడి విలువ. వాడు ఎలాగో మిగిలితే మేనేజర్ మీటింగులో "నేనే ఆపాను" అని చెప్పుకుంటాడు :)

ఇదంతా ఒక ఫ్రాంచైజీ లెక్క, మనకెందుకు అంటారేమో. మనకే కావాలి. డబ్ల్యూపీఎల్‌లో ఐదు జట్లుంటే తెలుగు ఊరి పేరుతో ఒక్కటీ లేదు. మన అమ్మాయిలు ఎప్పుడూ పరాయి జట్టు వేసే లెక్కలోనే బతకాలి. కప్పు గెలిచి వచ్చాక రాష్ట్ర ప్రభుత్వం 2.5 కోట్లు, కడపలో ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. సంతోషం. కాని అవి శిఖరం ఎక్కాక వచ్చేవి, ఒక్కరికే వచ్చేవి. జమ్మలమడుగులోనో ప్రొద్దుటూరులోనో పన్నెండేళ్ళ కూతురు బంతి పట్టుకుంటానంటే ఆ తండ్రి వేసే లెక్క వేరు. ఇంజనీరింగ్ సీటుకి ఎంతవుతుందో, నాలుగేళ్ళకి ఏమొస్తుందో ఆయనకి కంఠతా వచ్చు. క్రికెట్ లెక్క ఆయనకి తెలీదు. ఆటలో రుజువు చూపిస్తే మర్నాడే దానికి తగ్గ ధర వస్తుందా, లేక ఎవరో చెయ్యెత్తేదాకా బల్ల మీద కూర్చోవాలా అన్నదే ఆయనకి కావలసిన జవాబు. 14 వికెట్లు తీసిన నాలుగు రోజులకి ఢిల్లీ ఆయనకిచ్చిన జవాబు, కూర్చోమనే.