చెంబు మూతి గుండ్రంగా లేదు

మా సంజామల వైపు చాలా ఇళ్లలో నేలంతా నాపరాళ్లే. వాకిట్లో ముగ్గు వేసి లోపలికొచ్చాక, రోజూ ఒక పావుగంట ఆ బండల మీద సుద్దముక్కతో ఇంట్లో వస్తువుల బొమ్మలు గీయడం మొదలుపెట్టాను. మొదట చెంబు. తర్వాత చాట, రోలు, రొట్టెల పెనం.

చెంబు నాలుగు రోజులు కుదరలేదు. మూతి గుండ్రంగా ఉంటుందని తెలుసు కాబట్టి గుండ్రంగానే గీశాను. ఎదురుగా కూర్చుని చూస్తే అది అణిగి, కోలగా కనిపిస్తుంది. కంటి ఎత్తున పెడితే ఒట్టి గీతే. తెలుసనుకున్నది పక్కన పెట్టి, కనిపించింది గీసిన రోజున చెంబు చెంబులా వచ్చింది.

సర్వేలకు వెళ్లినప్పుడు మనం చేసేదీ ఇదే కదా అనిపించింది. "ఏం పని చేస్తావమ్మా?" అంటే "ఏం లేదు, ఇంట్లోనే" అంటుంది. అదే రాసుకొస్తాం. ఇంటి చాకిరీ మాత్రమే చేసే స్త్రీని జనాభా లెక్కలు కూడా పనిచేయనివారి కిందే రాస్తాయి. రోలు బొమ్మ గీయాలంటే మాత్రం అరిగి నున్నబడిన గుంటను గీయక తప్పదు. అది ఎవరి చేతుల కింద అరిగింది?

చుక్కల లెక్క తప్పకుండా మెలికల ముగ్గు వేసే మనిషే "నాకు బొమ్మలు రావు" అంటుంది. దామెర్ల రామారావు (1897–1925) పేరు చాలామందికి తెలుసు. ఆయన భార్య సత్యవాణి, తోబుట్టువు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారులేనని ఎంతమందికి తెలుసు? ఇంట్లో ఆడవాళ్లు గీసింది ఎంత బాగున్నా కళ లెక్కలోకి రావడం కష్టం.

"ఈ వయసులో ఈ పిచ్చిగీతలేంటి?" అని మా ఇంట్లోనూ అడిగారు. మగవాడు పేపరు చదివే పావుగంటకు ఎవరూ సంజాయిషీ అడగరు. మనం మాత్రం ఆ పావుగంట కోసం కూడా పోట్లాడాలి. విశ్రాంతి కూడా హక్కేనని సభల్లో చెప్పే మనం, దాన్ని ముందు మన ఇంట్లో సాధించుకోవద్దా?

మన పోస్టర్ల మీద తల వంచుకుని ఏడ్చే స్త్రీ బొమ్మ ఎన్నేళ్లుగానో చూస్తున్నాం. సంఘం సమావేశంలో ఈసారి తలా ఒక కాగితం, పెన్సిలు ఇద్దాం. ఈరోజు ఎక్కువసేపు చేతిలో ఉన్న వస్తువును గీయమందాం. వంకరగా వచ్చినా ఫరవాలేదు. ఆ వస్తువుతో ఎంతసేపు పని చేశావు, ఆ వస్తువున్న ఇల్లు ఎవరి పేరున ఉంది అని అడుగుదాం. మన తర్వాతి పోస్టరు ఆ కాగితాల్లోంచే రావాలి.