సముద్రపు టడుగున దాగిన చరిత్ర

వర్షర్తువున పర్ణశాల రేవునకు పోయిన సోదరీమణులు గోదావరి యెఱ్ఱని నీటి నెఱుగుదురు. సీతారాములు వసించిరని మనము కొలుచు ఆ తావు నొరసికొని పాఱు నీటిలో నెంత మన్ను, ఎన్ని రాలిన యాకులు కొట్టుకొని పోవునో! అవి బంగాళాఖాతమున పడి, అడుగునకు దిగి, పొరమీద పొరగా పేరుకొనును. ఏండ్లతరబడి యలికిన మట్టినేలను పెళ్లగించినచో అలుకు పొరలు కానవచ్చును గదా! క్రిందిది పాతది, పైది క్రొత్తది. సముద్రపు టడుగును నట్టిదే. అందు పొడవైన గొట్టమును దింపి, పొరలు చెదరకుండ మన్ను నెత్తి శాస్త్రజ్ఞులు పరీక్షింతురు.

2006వ సంవత్సరమున గోదావరి సముద్రమున గలియు చోటి కెదురుగా, సుమారు 1,270 మీటర్ల నీటి క్రిందినుండి యిట్లు మన్ను తీసిరి. ఆకులపై నుండు మైనము వేలయేండ్లైనను చెడదు. దానినిబట్టి యేకాలమున నెట్టి చెట్టుచేమలు పెరిగినవో తెలియును. సుమారు 4,000 ఏండ్ల క్రిందటినుండి గోదావరీప్రాంతమున తడి తగ్గుచు వచ్చినదనియు, ఎండుదలకు తాళు మొక్కలు హెచ్చినవనియు 2012లో వెల్లడించిరి. మన పూర్వులు నేల దున్నినకొలది కోతయు పెరిగినదని 2017లో తెలిపిరి.

ఉత్తరధ్రువసముద్రమున మంచు ఎప్పుడు పుట్టినదను ప్రశ్నకును ఇట్టి మన్నే యుత్తరమిచ్చినది. 2004లో మూడు నావలు ధ్రువమునకు సుమారు 250 కిలోమీటర్ల దూరమునకు చేరినవి. రెండు నావలు మంచుగడ్డలను పగులగొట్టుచుండ, మూడవది సముద్రపు టడుగును 400 మీటర్లకు పైగా తొలిచినది. అడుగుపొరలలో కొన్ని దాదాపు 5 కోట్ల 50 లక్షల యేండ్లనాటివి. అప్పుడచట నీరు వెచ్చన. 4 కోట్ల 90 లక్షల యేండ్లనాటి పొరలలో దొరకినదేమి? అజొల్లా! మన రైతులు వరిమళ్లలో పెంచి, పాడిపశువులకు మేపు ఆ పచ్చని నీటిమొక్క జాతియే. దానికి పైన, సుమారు 4 కోట్ల 70 లక్షల యేండ్లనాటి పొరలో, మంచునంటి బ్రతుకు సూక్ష్మమైన నాచు విడిచిన గాజువంటి గుల్లలును, మంచుగడ్డలు మోసికొనివచ్చిన యిసుకరేణువులును కానవచ్చినవి. శీతకాలమున సముద్రము గడ్డకట్టుట అప్పటికే యారంభమైనదన్నమాట.

అట్టి మంచు నేడు తఱుగుచున్నది. 1979 నుండి ఉపగ్రహములు కొలుచుచుండగా, 2012 సెప్టెంబరునందలి విస్తీర్ణమే మిక్కిలి తక్కువ. తెల్లని మంచు ఎండను మరలించును. అది కరగిన చోట నల్లని నీరు వేడిని పీల్చును. కావున కరుగుటయే మఱింత కరుగుటకు కారణమగును.

మనము నఱికిన చెట్టును, కాల్చిన బొగ్గును, కోసిపోనిచ్చిన నేలయు రేపటి పొరలలో తమ గుఱుతు నిలుపును. అవి చదువు వారు మన బిడ్డల బిడ్డలు. వారేమి చదువవలయునో నిర్ణయించు పని కొంత మన చేతులలోనిదే.