కొలువు దొరికిన తరువాత

మన ఇళ్లలో ఒక బిడ్డకు ఉద్యోగం వచ్చిందంటే ఆ సంతోషం ఒక్క గడపతో ఆగదు. మసీదులో దుఆలు, వీధంతా మిఠాయిలు, బంధువుల ఫోన్లు. మరునాడు ఆ బిడ్డ కొత్త చొక్కా తొడుక్కొని కార్యాలయంలో అడుగుపెట్టే వేళకు మాత్రం వెంట నడిచేవారు ఎవరూ ఉండరు. పరీక్షకు శిక్షణ ఇప్పించాము, దరఖాస్తు నింపించాము. కొలువులో మొదటి రెండేళ్లు ఎలా నిలదొక్కుకోవాలో మాత్రం చెప్పలేదు. ఈ లోపాన్ని గురించే నాలుగు మాటలు.

ఆ కుర్చీ ఎంత కష్టపడితే దొరికిందో ముందు గుర్తు చేసుకుందాం. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక దేశ జనాభాలో మనం 13.4 శాతమని చెబుతూనే, ఐ.ఏ.ఎస్.లో 3 శాతం, ఐ.పి.ఎస్.లో 4 శాతం మాత్రమే ఉన్నామని లెక్క తేల్చింది. మన రాష్ట్రంలో 2004లోను, 2005లోను తెచ్చిన ఐదు శాతం కోటా హైకోర్టులో నిలవలేదు. 2007 చట్టం వెనుకబడిన 14 ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద నాలుగు శాతం కల్పించింది. దానినీ 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేయగా, మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగింది. ఇంత పోరాటం వెనుక ఉన్న కుర్చీ అది. అందులో కూర్చున్నవారికి అది అమానతు.

పల్లెల్లోను, పట్టణాల్లోను 2019 అక్టోబరులో సచివాలయాలు మొదలైనప్పుడు లక్షకు పైగా యువత ఒక్కసారిగా ప్రభుత్వ కొలువులలో చేరింది. వారిలో మన పిల్లలూ ఉన్నారు. ప్రొబేషన్ ఖరారు కావాలంటే శాఖాపరమైన పరీక్షలు దాటాలన్న సంగతి వారిలో కొందరికి ఆలస్యంగా గాని తెలియలేదు. తండ్రో మేనమామో ఉద్యోగి అయిన ఇంటి పిల్లలకు ఇవన్నీ భోజనాల దగ్గరే తెలిసిపోతాయి. తొలితరం ఉద్యోగికి చెప్పేవారు ఎవరు?

నేను గుమాస్తాగా చేరిన కొత్తలో ఒక సీనియరు, "మీవాళ్లకు కోర్టు వ్యవహారాలు బాగా తెలుసు, ఆఫీసు వ్యవహారాలే తెలియవు" అని నలుగురిలో నవ్వాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అదే గదిలో మరొక పెద్దాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకొని నోట్ ఫైలు ఎలా రాయాలో, ఏ కాగితం ఏ రోజు వచ్చిందో పర్సనల్ రిజిస్టరులో ఎలా ఎక్కించాలో ఓపికగా నేర్పాడు. ఏడాది తిరిగేసరికి, నవ్విన మనిషే నిబంధన ఏమిటని నన్ను అడగడానికి వచ్చాడు. నియమం తెలిసినవాడిని చిన్నచూపు చూడటం ఎవరికైనా కష్టమే.

ఇక్కడ కొందరు మిత్రులు అభ్యంతరం చెబుతారు. ఇతరులు తప్పు చేస్తే అది ఆ ఒక్కడి తప్పు, మనవాడు చేస్తే జాతి మొత్తానిది. ఈ అన్యాయాన్ని ప్రశ్నించక, పిల్లలకే నీతులు చెప్పడమేమిటి అంటారు. అన్యాయమేనని నేనూ ఒప్పుకొంటాను. రాజ్యాంగం 16వ అధికరణం మతం పేరిట ఉద్యోగంలో వివక్ష కూడదంటోంది. ఆ హక్కు కోసం నిలబడాలి. అయితే నిలబడేవాడి చేతిలోని ఫైలు సవ్యంగా ఉండాలి. పని నేర్చుకోవడం ఎవరినో మెప్పించడానికి కాదు, మన మాటకు బలం చేకూరడానికి.

విలువ తెచ్చే పని ఎంతో పెద్దది కానక్కరలేదు. దూదేకుల వారు బీసీ-బి కిందికి వస్తారని, బీసీ-ఇ కాదని తెలిసిన గుమాస్తా ఒక పేద విద్యార్థికి నాలుగు తిరుగుళ్లు తప్పిస్తాడు. పింఛను కోసం వచ్చిన మత్స్యకార వితంతువుకు ఏ కాగితం తక్కువైందో మొదటిరోజే చెప్పే ఉద్యోగిని ఆమె జన్మలో మరువదు. మన భీమిలి 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. ఇక్కడి కార్యాలయాలకు వచ్చేవారిలో అన్ని మతాలవారూ ఉన్నారు. అందరికీ ఒకే తీరున పని చేసిపెట్టడమే మన దీన్ కోరేది. మూసా అలైహిస్సలాంను కొలువులో పెట్టుకోమన్న సందర్భంలో ఖుర్ఆన్ ఎంచి చూపిన గుణాలు రెండే: సమర్థత, నమ్మకం.

రంజాన్‌లో గంట ముందు వెళ్లేందుకు ప్రభుత్వం వెసులుబాటు ఇస్తోంది. దానిని నిస్సంకోచంగా వాడుకోవాలి, ఆనాటి పనిని మాత్రం మరొకరి బల్లపై పెట్టి పోరాదు.

కుటుంబాలకూ ఒక విన్నపం. బిడ్డ కొలువులో చేరిన వారానికే "మనవాడే కదా" అంటూ సిఫారసులతో వెళ్లకండి. 1964 నాటి ప్రవర్తన నియమావళి కానుకలనూ అక్రమ లబ్ధినీ ఒప్పుకోదు. మీ చిన్న మొగమాటం అతని సర్వీసు రిజిస్టరులో శాశ్వతమైన మచ్చ కావచ్చు.

మసీదు కమిటీలు నెలకు ఒక ఆదివారం విశ్రాంత ఉద్యోగులను పిలిచి, కొత్తగా చేరినవారికి ఫైలు రాయడం, శాఖాపరమైన పరీక్షలు, సెలవు నిబంధనలు చెప్పించాలి. ఆడపిల్లలకూ అక్కడ చోటుండాలి. దీనికి నిధులు అక్కరలేదు, ఒక చాప చాలు. మా ఊరిలో ఆ చాప పరిచే పని నేను తీసుకొంటాను. మీ ఊరిలో ఎవరు పరుస్తారు?