ఆపరేషను కాగితము

పాలవాని లెక్కకు క్యాలెండరుమీద గుర్తులు పెట్టుకొందుము. ఇస్త్రీకి వేసిన బట్టల పద్దు వ్రాసి యుంచుకొందుము. తాకట్టుపెట్టిన నగకు రసీదును బీరువాలో భద్రపరతుము. కాని మన శరీరమును గోసి లోపలి యవయవమును దీసివేసినప్పుడు, ఏమి తీసిరో, ఏల తీసిరో, ఎచ్చట గోసిరో తెలుపు కాగితము మనలో నెందరి యొద్ద గలదు? ఈ ప్రశ్నను మా పాఠకురాండ్ర ముందుంచుటకే యీ నెల యీ శీర్షికను వినియోగించుచున్నాము.

“గర్భసంచి తీసివేసినారమ్మా” యని చెప్పు స్త్రీలు మన యూళ్లలో బెక్కండ్రు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేనుబట్టి చూడగా, 15 మొదలు 49 ఏండ్ల వరకు వయసు గల స్త్రీలలో దేశము మొత్తముమీద నూటికి సుమారు ముగ్గురికి గర్భాశయము తొలగింపబడి యుండెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో నా సంఖ్య నూటికి సుమారు ఎనిమిది! అంతంత చిన్న వయసున నిన్ని శస్త్రచికిత్సలు నిజముగా నవసరమా యనునది వేరొక చర్చ. ఇప్పుడు మేము చెప్పదలచినది మఱియొకటి. ఈ సోదరీమణులలో నెవరినైనను, “గర్భసంచితోపాటు అండాశయములను గూడ దీసిరా? గర్భాశయ ముఖద్వారము నుంచిరా, తీసిరా?” యని యడిగి చూడుడు. తెలియదని చెప్పువారే యెక్కువగా గాన్పింతురు.

తెలియకున్న నేమి నష్టమందురా? అండాశయములు రెండును దీసివేసిన, ముట్లుడుగుటవలన గలుగు మార్పులన్నియు నొక్కసారిగా వచ్చిపడును. ఎముకలు ముందుగానే బలహీనపడును. అందుకు దగిన జాగ్రత్తలు వైద్యుడు చెప్పవలసియుండును. ముఖద్వారము మిగిలియున్నచో, అందు క్యాన్సరు పుట్టునేమో యని కాలానుసారము పరీక్ష చేయించుకొనుట మానరాదు. ఇరువది యేండ్ల తరువాత, వేరొక పట్టణమున, వేరొక డాక్టరునకు ఈ సంగతి చెప్పగలది యేది? గోసిన వైద్యుడు అప్పటికి బదిలీ యయి యుండవచ్చును; ఆసుపత్రియే మూతపడి యుండవచ్చును. ఆనాడు వ్రాసిన కాగితమొక్కటియే చెప్పవలెను.

సిజేరియను కాన్పు విషయమున నిది మఱింత ముఖ్యము. గర్భాశయపు క్రింది భాగమున నడ్డముగా గోసిన గాయము సాధారణముగా గట్టిగా నతుకుకొనును. బిడ్డ యడ్డము తిరిగినప్పుడో, నెలలు నిండకమునుపే కాన్పు చేయవలసి వచ్చినప్పుడో, ఒక్కొక్కసారి పై భాగమున నిలువుగా గోయవలసివచ్చును. అట్టి గాయము మరుకాన్పు నొప్పులలో జీలిపోవు ప్రమాదము పెక్కు రెట్లధికము. కావుననే వారికి నొప్పులు రాకమునుపే మరల శస్త్రచికిత్స చేయుదురు. వింత యేమన, వెలుపలి చర్మముపై గాటు అడ్డముగా నున్నంతమాత్రమున లోపలిదియు నడ్డమే యని చెప్పుటకు వీలులేదు. పొట్టపై మచ్చను జూచి లోపలి గర్భాశయపు కథ చెప్పగలవారు లేరు.

మన యాచారమున దొలికాన్పు పుట్టింట జరుగును. మలికాన్పు తరచుగా నత్తవారి యూరనో, భర్త యుద్యోగము చేయు పట్టణముననో జరుగును. బిడ్డతో నత్తవారింటికి బంపునప్పుడు చీరసారెలు పెట్టుదుము, ఉయ్యాల యిత్తుము, కాటుక కాయమును గూడ మరువము. ఆపరేషను కాగితమును మాత్రము పెట్టెలో బెట్టము. అర్ధరాత్రివేళ నొప్పులతో వచ్చిన ఇల్లాలిని జూచి, తొలికాన్పున లోపల నెట్లు గోసిరో తెలియక వైద్యురాలు సందేహములో బడిన నిమిషములు తల్లికిని బిడ్డకును మిక్కిలి వెలగలవి.

ఈ లోపము నేటిది కాదు. మన దేశమునకు మాత్రమే చెందినదియు గాదు. క్రిమియా యుద్ధమున గాయపడినవారికి సేవచేసి కీర్తి వడసిన ఫ్లారెన్సు నైటింగేలును మన మెరుగనివారము గాము. దీపము పట్టుకొని తిరిగిన తల్లిగా నామెను దలచుదుము గాని, ఆమె లెక్కలయందు గూడ నారితేరినదని కొందరే యెరుగుదురు. ఆసుపత్రులనుగూర్చి తాను వ్రాసిన గ్రంథమును 1863లో మరల బ్రకటించుచు, పోల్చి చూచుటకు బనికివచ్చు లేఖనములు ఆసుపత్రులలో దొరకుట దుర్లభముగా నున్నదని యామె వాపోయెను. రోగి వయస్సు, శస్త్రచికిత్స రకము, తరువాత గలిగిన యుపద్రవములు, తుదిఫలితము – వీనిని అన్ని యాసుపత్రులు నొకే తీరున వ్రాయవలెనని సూచించెను.

అటుపిమ్మట అమెరికాలో బోస్టను నగరమున ఎర్నెస్టు కాడ్మను అను శస్త్రవైద్యు డుండెను. ఆయన ప్రతి రోగికి నొక్కొక్క కార్డు పెట్టి, శస్త్రచికిత్స జరిగిన చాలకాలమునకు గూడ నా రోగి యెట్లున్నాడో కనుగొని వ్రాయవలెనని పట్టుబట్టెను. తన చిన్న యాసుపత్రిలో 1911 మొదలు 1916 వరకు చికిత్స పొంది వెడలిన 337 మంది చరిత్రలను పరిశీలించి, అందు 123 పొరపాటులు దొరలినవని తానే యచ్చువేయించెను. ఇట్టి సత్యసంధత తోటివారికి రుచింపలేదు. బ్రదికియున్నంతకాలము నాయన ఎదురీదవలసివచ్చెను. అయినను విత్తనము వృథా పోలేదు. అమెరికా శస్త్రవైద్యుల కళాశాలవారు, ప్రతి రోగికిని సంపూర్ణమైన లేఖన ముండుటను గూడ నొక కనీస నియమముగా బెట్టి, నూరు పడకలకు దగ్గని 692 ఆసుపత్రులను బరీక్షింపగా, 1919 నాటికి 89 మాత్రమే నిలిచెను. పేరుగాంచిన యాసుపత్రులు సయితము తప్పిపోవుటచే, ఆ జాబితా పత్రికలవారి చేత బడకుండ, తాము దిగిన హోటలులోని కొలిమిలో దానిని గాల్చివేసిరట!

మన కాలమునకు వత్తము. ప్రపంచారోగ్యసంస్థవారు 2008లో శస్త్రచికిత్సకు పందొమ్మిది యంశములుగల యొక చిన్న పట్టిక నేర్పరచిరి. రోగి పేరేమి, ఏ ప్రక్క గోయవలెను, ఏ మందు పడదు, వాడిన గుడ్డలును సాధనములును లెక్కకు సరిపోయినవా – ఇట్టి ప్రశ్నలను గదిలోనివారందరు వినునట్లు పైకి జదివి సరిచూచుకొనుటయే దాని సారము. మన ఢిల్లీతో జేర్చి ప్రపంచమందలి ఎనిమిది నగరములలో దీనిని బ్రయోగించి చూడగా, శస్త్రచికిత్సానంతర మరణములు నూటికి 1.5 నుండి 0.8కి దిగినవని 2009లో బ్రకటించిరి. ఇందు క్రొత్త మందు లేదు, విలువైన యంత్రము లేదు. ఒక్క కాగితము, దానిని శ్రద్ధతో జదువు మనుష్యులును మాత్రమే.

మంచి ఆపరేషను లేఖనమున నేమేమి యుండవలెను? తేదీ, వేళ, కోసినవారి పేరు, మత్తుమం దిచ్చినవారి పేరు, రోగమేమి, చేసిన చికిత్స యేమి, ఎచ్చట, నెట్లు గోసిరి, లోపల నేమి కనబడెను, ఏమి తీసిరి, పరీక్షకు బంపిరా, ఏదేని పరికరము లోపల నమర్చినచో దాని సంఖ్య, ఎంత రక్తము పోయెను, అనుకొనని చిక్కు లేవైన వచ్చినవా, గుడ్డల లెక్క సరిపోయెనా, తరువాత జేయవలసినదేమి, కడపట సంతకము. ఇదంతయు వెంటనే వ్రాయవలెను. మరునాటికి జ్ఞాపకము మసకబారును, నాలుగవ రోగి కథ రెండవ రోగి కథతో గలిసిపోవును.

వైద్యుల కష్టమును మేమెరుగకపోలేదు. పెద్ద ప్రభుత్వాసుపత్రిలో నొక రోగిని బల్లమీదనుండి దింపగానే మఱియొకరు సిద్ధముగా నుందురు. అలసిన చేతితో, ఎవరికిని బోల్చుకొన వలనుగాని పొడియక్షరములతో నాలుగు పంక్తులు గిలికి ముగించుట జరుగుచుండును. దీనికి మందు గద్దింపు గాదు. ఏమేమి వ్రాయవలెనో ముందుగానే యచ్చువేసిన ఫారము చేతికిచ్చిన, విడిచిపెట్టు విషయములు తగ్గుచున్నవని పెక్కు ఆసుపత్రులు తమ కాగితములను దామే పరిశీలించుకొని తెలిసికొన్నవి. కంప్యూటరు వచ్చినచోట చేవ్రాత బాధ తప్పినది. కాని నిన్నటి రోగికి వ్రాసినదానినే నేటి రోగికి నతికించు క్రొత్త జాడ్యము పుట్టినది. అందరికి నొకే వాక్యము వ్రాయుట యెవరికిని వ్రాయకపోవుటతో సమానము.

మన హక్కులను గూడ దెలిసికొందము. భారత వైద్యమండలివారి 2002 నాటి నియమములను బట్టి, ఆసుపత్రిలో జేరిన రోగి లేఖనములను వైద్యుడు మూడు సంవత్సరములు భద్రపరుపవలెను. రోగి కోరినచో 72 గంటలలో నీయవలెను. అంగీకారపత్రము విషయమున 2008లో సుప్రీంకోర్టువారిచ్చిన తీర్పు ప్రతి స్త్రీయు దెలియదగినది. పరీక్షకొఱకని మత్తు పుచ్చుకొన్న యొక స్త్రీకి, ఆమె స్పృహలో లేనప్పుడు, వెలుపల నున్న తల్లి యంగీకారముతో గర్భాశయమును, అండాశయములను దీసివేసిరి. ప్రాణాపాయము తటస్థింపనప్పుడు యుక్తవయస్కురాలికి బదులు తల్లి యంగీకారము చెల్లదనియు, పరీక్షకిచ్చిన సమ్మతి చికిత్సకు సమ్మతి గాదనియు న్యాయస్థానము నిర్ణయించెను. కాబట్టి ఖాళీ ఫారముపై సంతకము పెట్టకుడు. ఇంగ్లీషులో నున్నదానిని దెలుగులో జదివి చెప్పుమని యడుగుడు.

ఇంటికి వచ్చునాడు, బిల్లుతోపాటు ఆపరేషను లేఖనపు నకలును, తీసిన భాగమును బరీక్షించిన రిపోర్టును దప్పక కోరుడు. డాక్టరుగారికి గోపము వచ్చునేమో యని జంకవలదు. వినయముగా నడిగిన నిచ్చువారే యెక్కువ. వానిని ప్రతి మనిషికి నొక సంచిగా విడదీసి పెట్టుడు. ఫోనులో ఫోటో తీసి యుంచుడు. 2021లో దేశమంతట నారంభమైన పదునాలుగంకెల ఆరోగ్య ఖాతా మంచిదే. కాని ఆసుపత్రిలో వ్రాయనిది ఖాతాలోనికి రాదు.

మా పాఠకురాండ్రలో నర్సులును వైద్యురాండ్రును గలరు. వారికి మాదొక మనవి. మీరు చేతితొడుగులు విప్పి కలము పట్టిన యా యైదు నిమిషములు చికిత్సలో జేరినవే గాని, చికిత్స ముగిసిన తరువాతివి గావు. ఎన్నడును మీరు చూడబోని యొక వైద్యురాలు, ఎన్నేండ్లకో, ఎక్కడనో, మీరు వ్రాసిన నాలుగు మాటలను నమ్మి యొక తల్లి ప్రాణమును గాపాడవలసియున్నది. ఆమెకు దెలియునట్లు వ్రాయుడు.