క్లబ్బంటే పేకాటేనా?

మా అన్నయ్య కూతురు హైదరాబాదు నుంచి బదిలీ మీద అమలాపురం వచ్చింది. వచ్చిన పిల్ల వచ్చినట్టు వూరుకుందా? వెనకాలే లారీ మీద ఒక పడవ దింపింది! ఓడలు బళ్ళ మీదకి రావడం సామెతలో వినడమే గాని, మా వీధివాళ్ళు కళ్ళారా చూడడం అదే మొదలు.

"ఆయ్! ఇందులో ఎంతమంది పడతారండీ?" అనడిగాడు సామాను దింపడానికొచ్చిన ఆయన.

"ఇద్దరు" అంది మా పిల్ల.

"ఇద్దరికి మూడు తెరచాపలా అమ్మాయిగారూ!" అని ఆయన బుగ్గలు నొక్కుకున్నాడు.

ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. ఆ పడవ జాతి పేరు ట్వంటీనైనర్. పొడుగు పద్నాలుగున్నర అడుగులు. ఒకరు చుక్కాని పట్టుకుంటే రెండోవారు తెరచాప కొయ్య నుంచి వేలాడే తీగకి నడుం తగిలించుకుని, పడవ అంచున కాళ్ళు మోపి, ఒళ్ళంతా నీళ్ళ మీదకి వాల్చేస్తారు. గాలి అందిందా, నీళ్ళని చీల్చుకుంటూ పోవడం మానేసి నీళ్ళ పైన జారుతూ పోతుంది. గాలి ఆగిందా, నిలబెట్టే మనిషి లేకపోతే పక్కకి ఒరిగి బోర్లాపడుతుంది. తిరగబడడం ఆ ఆటలో వింత కాదు. తిరగబడ్డ పడవని మళ్ళీ లేపి ఎక్కడమే అందులో మొదటి పాఠం.

సరే, సామాను సర్దుకోగానే, "అత్తయ్యా, ఇక్కడ క్లబ్బెక్కడ?" అంది.

"క్లబ్బుకేం భాగ్యం!" అని మావారి స్నేహితుడొకాయన దగ్గరుండి తీసుకెళ్ళి చూపించారు. నాలుగు బల్లలు, ఫ్యాన్లు, బల్లల చుట్టూ పేకముక్కలు పంచుకుంటున్న పెద్దమనుషులు. పడవ ఎక్కడ పెట్టుకోవాలని ఈ పిల్ల అడిగితే, వాళ్ళు ముక్కలు కింద పెట్టి మరీ నవ్వారట. అమలాపురంలోనూ, రాజోలులోనూ, కొత్తపేటలోనూ వాకబు చేశాం. పడవల క్లబ్బనే మాటే ఎవరూ విన్నట్టు లేదు.

విన్నవాళ్ళందరూ చెప్పిన ఓదార్పు మాత్రం ఒక్కటే. "క్లబ్బెందుకమ్మా? నీళ్ళకి కరువా మనకి? తూర్పున గౌతమి, పడమట వశిష్ట, మధ్యన వైనతేయ, దక్షిణాన సముద్రం. ఎక్కడ దింపితే అక్కడే తేలుతుంది!"

ఇదిగో, ఈ మాట మీదే నా దెబ్బలాట.

నీళ్ళుంటే చాలంటే, బియ్యం వున్న ప్రతి ఇంట్లోనూ పులిహోర వుండాలి కదండీ! మా మేనకోడలు వారం వారం తిరిగి చూసింది. కాలవలో పడవ తిప్పడానికే చోటు చాలదు. బోడసకుర్రు దగ్గర వైనతేయ బాగానే వుంది గాని, వంతెనా, దాని స్తంభాలూ వున్నాయి. దిండి దగ్గర వశిష్ట ఎంత విశాలమో మీకు తెలుసు. అక్కడ కూడా కనపడని ఇసుక మేటలున్నాయి. పడవ బోల్తాపడితే కొయ్య ఇసుకలో గుచ్చుకుని విరుగుతుంది. ఓడలరేవు, అంతర్వేది మొగల దగ్గర సముద్రపు పాటు మొదలయ్యాక గాలి పడిపోయిందా, మనిషినీ పడవనీ కలిపి బయటికి లాక్కుపోతుంది. నైరుతి గాలి జోరుగా వీచే జూలై, ఆగస్టుల్లోనే గోదావరికి ఎర్రనీరు వస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్ల భయం. ఇక మిగిలింది డిసెంబరు నుంచి మే దాకా. ఆ రోజుల్లో, ముఖ్యంగా వేసవి సాయంత్రాల పైరగాలికి, ఏ లోతున ఏ రేవులో దిగాలో చెప్పడానికి ఆ నీళ్ళు తెలిసిన మనిషి కావాలి.

అంతేనా? ఇద్దరు ఎక్కే పడవకి రెండో మనిషేరి? పందెం పడవకి పక్కన ఇంకో పడవ లేకపోతే ఎవరితో పందెం? అన్నిటికన్నా ముఖ్యం, ఒడ్డున మోటారు పడవ వేసుకుని కళ్ళప్పగించి చూసే మనిషి. తిరగబడి పది నిమిషాలు దాటినా పడవ లేవకపోతే వచ్చి అందుకోవాలి. క్లబ్బంటే అదీ! భవనం కాదు, కాఫీ హోటలూ కాదు. పడిపోతే చూసేవాళ్ళు నలుగురు ఒకచోట వుండడం.

"అయినా ఇవి డబ్బున్నవాళ్ళ సరదాలు" అంటారు కొందరు. ఆ పడవ ఖరీదైనదే, కాదనను. కాని నేహా ఠాకూర్ పేరు విన్నారా? మధ్యప్రదేశ్‌లో దేవాస్ వైపు రైతు కుటుంబంలో పుట్టిన పిల్ల. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఆడపిల్లల తెరచాప పడవ పందెంలో రజత పతకం తెచ్చింది. నేర్చుకున్నది ఎక్కడ? భోపాల్‌లో! సముద్రం ఎన్ని వందల మైళ్ళ దూరమో లెక్కపెట్టుకోవలసిన వూరు. వాళ్ళకున్నది భోజరాజు తవ్వించాడని చెప్పుకునే పెద్ద చెరువు, దాని ఒడ్డున నేర్పే బడీ. హైదరాబాదు వాళ్ళకి మాత్రం ఏముంది? 1562లో కట్టిన హుస్సేన్‌సాగర్. ఆ చెరువు వాసన ఎంత సొంపో వేరే చెప్పనక్కర్లేదు. అయినా ఏటా వానాకాలపు గాలికి అక్కడ పోటీలు పెడతారు. సర్కారు బళ్ళలో చదివే పేదపిల్లల్ని తెచ్చి పడవలెక్కిస్తున్న క్లబ్బూ అక్కడే వుంది. చెన్నపట్నంలో 1911 నుంచీ పడవల క్లబ్బుంది. ఆ వూరి అమ్మాయి నేత్రా కుమనన్ తెరచాప పడవల్లో ఒలింపిక్స్‌కి అర్హత సంపాదించిన మొదటి భారతీయ స్త్రీ. 2021లో టోక్యో వెళ్ళింది, 2024లో పారిస్ వెళ్ళింది. మూడు పాయల మధ్య పుట్టిన మన పిల్లలు మాత్రం టీవీలో చూసి చప్పట్లు కొడతారు!

మనకి పడవ కొత్తా ఏమన్నానా? గౌతమి మొగ దగ్గర కోరంగిలో ఒకనాడు తెరచాప ఓడలు కట్టి సముద్రం మీదకి తోలారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక, పడవలే మనకి బస్సులూ రైళ్ళూ. తరవాత వంతెనలొచ్చాయి. వచ్చినందుకు సంతోషమే. కాని ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నట్టు, వంతెన రాగానే మనం గోదావరికి వీపు తిప్పేశాం.

2025 సంక్రాంతికి ఆత్రేయపురంలో పడవ పోటీలు పెడితే జనం విరగబడి చూశారు. మంచిదే. కాని పండగ మూడు రోజులూ చూసే జనం వుంటే సరిపోదు, మిగతా రోజుల్లో నేర్చుకునే పిల్లలుండాలి.

ఇంతవరకూ ఊరి పెద్దల్ని అన్నాను. ఇప్పుడు మనల్ని మనం అనుకోవాలి.

ఆడపిల్లకి సంగీతం చెప్పిస్తాం, కూచిపూడి చెప్పిస్తాం, కంప్యూటరు క్లాసుకి పంపుతాం. ఈత అనగానే మాత్రం "ఎండకి నల్లబడిపోతుంది, తడిబట్టలతో నలుగురిలో..." అని నసుగుతాం. కార్తీకమాసంలో అరటిదొప్పల్లో దీపాలు వదలడానికి రేవులో మోకాటిలోతు దిగడమే మన నదీ స్నేహం. గోదావరి పాయ పక్కనే పుట్టి పెరిగిన నాకూ ఈత రాదు. ఈ మాట రాయడానికి సిగ్గుగానే వుంది.

2018 జూలైలో పశువుల్లంక దగ్గర ఏం జరిగిందో మీరు మరిచిపోయారా? పడవలో ఇళ్ళకి వెళ్తున్న పిల్లలు. కడుతున్న వంతెన స్తంభానికి తగిలి పడవ బోల్తాపడింది. బడికి వెళ్ళిన ఆడపిల్లలు నీళ్ళపాలయ్యారు. ఈత వస్తే అందరూ బతికేవారని నేననను. వరద నీరు ఈతగాళ్ళని కూడా మింగుతుంది. కాని ఒంటికి తేలే కోటు లేకుండా, నీళ్ళలో పడితే ఏం చెయ్యాలో ఒక్కనాడూ ఎవరూ చెప్పకుండా, లంకల్లోని మన పిల్లల్ని ఏళ్ళతరబడి పడవలెక్కించి పంపామన్నది నిజం కాదా? "ఆడపిల్లకి పడవలేమిటి" అనే పెద్దమనిషి ఒక్కసారి లంక రేవులో నిలబడి చూడాలి. అక్కడ ఆడపిల్లలకి పడవ సరదా కాదు, దారి!

అందుకే అంటున్నాను. మా మేనకోడలి పందెం పడవ కోసం క్లబ్బు పెట్టమని కాదు. మొదలు అక్కణ్ణుంచి కాదు కూడా. పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్ట్ అనే బుల్లి పడవ ఒకటుంది. ఎనిమిదడుగులైనా వుండదు, ఒకటే తెరచాప, ఒక్క పిల్ల నడుపుతుంది. అలాంటివి నాలుగు. ఒంటికి తొడిగే తేలుడు కోట్లు పాతిక. జారుడు లేని ఒక వాలు రేవు. ఒక మోటారు పడవ. ఈత నేర్పే మనిషి ఒకరు, వీలైతే ఆడమనిషి. నీళ్ళ గుట్టు తెలిసిన మన సరంగుల్లో ఒకరికి నెలజీతం. ఒక పెళ్ళి భోజనాల్లో ఆకుల్లో వదిలేసే సొమ్ముతో మొదలుపెట్టలేమా? ఈతకి మించిన లోతు లేదంటారు. ముందు ఆ ఈత రావాలి కదా!

పందెం పడవ సంగతంటారా? ఒక్కతే నదిలోకి తోసుకుపోతానంటే నేనే వద్దన్నాను. అది పిరికితనం కాదనీ, పక్కన ఇంకో పడవ లేకుండా దిగకూడదన్నది తమ ఆటలో మొదటి నియమమనీ తనే ఒప్పుకుంది. ప్రస్తుతానికి ఆ పడవ మా కొబ్బరితోటలో, పాక కింద బోర్లించి వుంది. సాయంత్రం అయ్యేసరికి వీధిలో పిల్లలు దాని చుట్టూ చేరతారు. మొన్న పక్కింటి ఎనిమిదేళ్ళది, "అక్కా, నాకు నేర్పుతావా?" అని అడిగింది.

"ఈత వచ్చా?"

"రాదు. అమ్మ వద్దంది."

మా మేనకోడలు నాకేసి చూసింది. మర్నాడు వాళ్ళమ్మ దగ్గరికి నేనే వెళ్ళి కూర్చున్నాను. రెండు కాఫీలయ్యాయి గాని ఇంకా ఒప్పుకోలేదు. మళ్ళీ వెళ్తాను. మీరూ మీ పక్కింటికి ఒకసారి వెళ్ళి చూడండి.