కాఫ్కా వద్దు, ముత్యాలమ్మ చాలు

మన సాహిత్య కుర్రకారుకి ఈ మధ్య ఒక మాట దొరికింది: కాఫ్కాయెస్క్. ఆధార్ కార్డులో పేరు తప్పు పడితే కాఫ్కాయెస్క్. కేసు వాయిదా పడితే కాఫ్కాయెస్క్. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలి నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. ఎనిమిది మంది ఆనవాళ్లు కూడా దొరకలేదు. మనిషి పోయాడని నిరూపించడానికి శవం కావాలి, శవాన్ని మంట మిగల్చలేదు. అప్పుడూ ఇదే మాట.

ఈ మాట మీద నాకు కోపం. ఎందుకంటే అది చట్టాన్ని ఒక మిస్టరీ చేస్తుంది. కాఫ్కా కథలో పల్లెటూరి మనిషి చట్టం వాకిట్లో కూర్చుని, కాపలావాడు లోపలికి పంపుతాడేమోనని చచ్చేదాకా ఎదురుచూస్తాడు. లోపల ఏముందో అతనికీ తెలీదు, మనకీ తెలీదు. గొప్ప కథే. కానీ సంగారెడ్డి జిల్లాలో చట్టం లోపల ఏముందో అందరికీ తెలుసు. తెలీనట్టు నటించడానికే మనకి కాఫ్కా కావలసివస్తున్నాడు.

చట్టం గురించి ఆలోచించిన ఆధునిక కథకుడు మనకీ ఒకడున్నాడు. రాచకొండ విశ్వనాథశాస్త్రి. చదివింది ఫిలాసఫీ, చేసింది విశాఖలో వకీలు పని. చైతన్య స్రవంతిలో 'అల్పజీవి' రాసినవాడు. అయినా కాఫ్కాని తత్వవేత్తల పక్కన కూర్చోబెట్టే మనం, రావిశాస్త్రిని మాండలికం బాగా రాసిన రచయిత అని, ఉపమానాల మేస్త్రి అని మెచ్చుకుని పంపించేస్తాం. 'ఆరు సారా కథలు' మద్యనిషేధం నాటివి, నిషేధం పోయింది కాబట్టి వాటి పనీ అయిపోయిందనేవాళ్లూ ఉన్నారు.

ఆ కథల్లో 'మాయ' తీయండి. పాఠం నేర్చుకునేది కొత్త వకీలు. చెప్పేది సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ. ఆమెకి చట్టం ఎక్కడో తలుపుల వెనక లేదు, గుడిసెలోకే వచ్చి కూర్చుంది. దానికి టోపీ ఉంది, లాఠీ ఉంది, రేటు ఉంది. ఎవరికి ఎంత ముట్టాలో ఆమెకి కంఠతా వచ్చు. రావిశాస్త్రి న్యాయదర్శనం ఇదేనని నా వాదన: చట్టం పాడైపోయిన యంత్రం కాదు, బాగానే పనిచేస్తోంది. దాని పని ఏరడం. కుండ పట్టుకున్న చేతిని చూస్తుంది, కుండ వెనక ఉన్న పెట్టుబడిని చూడదు.

"అదంతా లంచగొండితనమండీ, నిజాయితీ గల అధికారులుంటే సరి" అంటారా? అయితే లంచం అక్కర్లేని లెక్క ఒకటి చూడండి. ఆ ప్రమాదం నాటికి అమల్లో ఉన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం. దాని 92వ సెక్షన్ ప్రకారం, భద్రతా నిబంధనలు ఉల్లంఘించడం వల్ల కార్మికుడు చనిపోతే జైలు పడవచ్చు, పడకపోనూవచ్చు. జరిమానా వేస్తే మాత్రం అది 25 వేలకి తగ్గకూడదు. పాశమైలారంలో తప్పెవరిదో కోర్టు తేల్చాలి. నేను మాట్లాడేది పార్లమెంటు ముందే అచ్చేసిపెట్టిన రేటు గురించి. ముత్యాలమ్మ చాటుగా ఇచ్చుకున్న రేటుకీ దీనికీ తేడా ఒక్కటే. దీనికి రసీదిస్తారు.

నక్కవాగు సంగతీ అంతే. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకి వెళ్లిన కేసు, హైకోర్టు మీదుగా గ్రీన్ ట్రిబ్యునల్‌కి చేరి 2017లో తీర్పయింది. ఇరవై ఏడేళ్లు. అలాగని తలుపు మూసేశారా? లేదు. మధ్యలో రైతులకి పంట నష్టం కట్టి పరిహారం ఇప్పించారు. వాగుని మాత్రం వాగుగా తిరిగివ్వలేదు. చట్టానికి ఎకరానికి ఇంత అని లెక్కగట్టడం వచ్చు, ఊరి నీళ్లు పోతే ఏం పోయిందో చెప్పడం రాదు. దీన్ని అయోమయం అంటే, ఆ ఇరవై ఏడేళ్లూ నడుస్తూనే ఉన్న ఫ్యాక్టరీల లాభనష్టాల పట్టీని మనమే దాచిపెట్టినట్టు.

నిజానికి కాఫ్కాకీ అన్యాయం చేస్తున్నాం. ఆయన 1908 నుంచి 1922 దాకా ప్రాగ్‌లో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో ఉద్యోగం చేశాడు. చిత్రిక యంత్రాలు కార్మికుల వేళ్లు తెగ్గోస్తుంటే, మనిషి బతుకు అసంబద్ధం అని నివేదిక రాయలేదు. చదరపు ఇరుసు తీసేసి గుండ్రటిది పెట్టండి అని బొమ్మలు గీసి మరీ రాశాడు. ఆఫీసు బల్ల దగ్గర కాఫ్కా కూడా కాఫ్కాయెస్క్ కాదు.

కాబట్టి సిగాచి మీద రాయబోయే కవులకీ కథకులకీ ఒక మనవి. పొగమంచూ, పొడవాటి వరండాలూ, ముఖం లేని అధికారులూ వద్దు. ఆ పొద్దున లోపలికి ఎవరెవరు వెళ్లారన్నది ఒక హాజరు పట్టీలో ఉండాల్సిన సంగతి. యంత్రాన్ని ఎవరు తనిఖీ చేశారో, ఎప్పుడు చేశారో ఇంకో కాయితంలో ఉండాలి. బీహార్ నుంచో, ఒడిశా నుంచో వచ్చిన కుర్రాడిని పనిలో పెట్టిన కాంట్రాక్టరుకి పేరుంటుంది, ఫోన్ నంబరుంటుంది. ముత్యాలమ్మ అయితే ముందు వాటిని అడిగేది.